వేలాడే తమ్మెలు

బడి నుంచి వచ్చిన మా చిట్టి అద్దం ముందు నిలబడి చెవి తమ్మె లాగి చూసుకుంటోంది. కొత్త కమ్మలు కావాలేమో అనుకుని అడిగాను. భోరుమంది.

జీవశాస్త్రం టీచరు నిన్న ఇంట్లోవాళ్ల చెవులు చూసి రమ్మందట. ప్రతి లక్షణానికీ జన్యువులు జంటగా ఉంటాయి, అమ్మ ఒకటిస్తుంది, నాన్న ఒకటిస్తాడు. వేలాడే తమ్మె బహిర్గతం, ఆ జన్యువు ఒక్కటున్నా చాలు పైకి కనిపిస్తుంది; చెంపకు అంటుకున్నది అంతర్గతం, రెండూ అవే అయితేనే కనిపిస్తుంది. నావీ మా ఆయనవీ అంటుకున్న తమ్మెలే. అంటే వేలాడే జన్యువు మా ఇద్దరిలోనూ లేనట్టే. చిట్టికేమో నిక్షేపంగా వేలాడుతున్నాయి. "మరి ఇదెక్కణ్ణుంచి వచ్చిందో మీ అమ్మనే అడుగు" అందట ఆ మహాతల్లి. క్లాసంతా పగలబడి నవ్విందట.

నాకు ఒళ్లు మండిపోయింది. మా ఆయన కొట్టిపారేస్తాడనుకున్నాను. ఆయన అన్నం కలుపుతూ పిల్ల చెవుల కేసి చూశాడు.

"అది మీ కూతురే" అన్నాను.

"నేనేమన్నానిప్పుడు?"

ఏమీ అనకపోవడమే నా కడుపుమంట. ఆ చూపు చిట్టి కూడా కనిపెట్టింది. అప్పట్నుంచి నాన్నా అని పిలవడం మానేసింది.

తెల్లారగానే స్టాఫ్ రూముకు వెళ్లాను. దుమ్ముకొట్టుకున్న కణం నమూనా పక్కన కూర్చుని టీచరు నింపాదిగా టీ తాగుతోంది.

"అయ్యో, సరదాకన్నానండీ. తమ్మెలు ఒక్క జన్యువుతో తేలేవి కావు. చాలా జన్యువులు కలిసి చేస్తాయి. మీలాంటి తల్లిదండ్రులకి అలాంటి పిల్లలు పుట్టడం మామూలే. పిల్లలకి తేలిగ్గా ఎక్కుతుందని అలా చెప్తాం."

"తెలిసే చెప్పారా?"

ఆవిడ కప్పు కింద పెట్టింది. "సారీ అండీ."

"నాకెందుకు సారీ? ఎక్కడన్నారో అక్కడే చెప్పండి. దాని తండ్రిని కూడా తీసుకొస్తాను."

మర్నాడు బోర్డు దగ్గర నిలబడి, తను చెప్పింది తప్పని పిల్లలందరికీ వివరంగా చెప్పింది. మా ఆయన గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని విన్నాడు. బడి వదలగానే చిట్టి "నాన్నా" అంటూ పరుగున వచ్చి ఆయన్ని వాటేసుకుంది. ఆయన మొహం చాటంతయింది.

"హమ్మయ్య! ఇప్పటికి మనసు కుదుటపడిందే" అన్నాడు నాతో.

"టీచరు చెప్తే పడిందా? నేను చెప్పినప్పుడెందుకు పడలేదు?"

ఆయన చిట్టి పుస్తకాల సంచీ అందుకుని భుజానికి తగిలించుకున్నాడు. చిట్టి మా ఇద్దరి మొహాల్లోకీ మార్చి మార్చి చూస్తోంది. అది ఉంది కాబట్టి ఊరుకున్నాను. లేకపోతే ఆ గేటు దగ్గరే కడిగిపారేసేదాన్ని.