ముల్లు కనబడ్డ కళ్లు

అసలు కరుణమ్మ చేసిన తప్పేమిటయ్యా అంటే, విజయమ్మ కాల్లో ముల్లు తీయడం!

ఆ పొద్దున కరుణమ్మ రాచర్ల చేలో కలుపు తీస్తూ, కళ్లకు మంచు కమ్మినట్టుండి, కలుపుతోపాటు కంది మొక్కలూ పీకేసింది. రైతు నానా మాటలూ అన్నాడు. కళ్లు మసకలంటే కూలీల ముఠా మేస్త్రీ విజయమ్మ జాలిపడింది కూడా. తీరా మధ్యాహ్నం విజయమ్మ కాల్లో తుమ్మముల్లు విరిగింది. అప్పటికి చూపు తేటపడ్డ కరుణమ్మ పిన్నీసుతో ఇట్టే తీసేసింది.

"ముల్లు కనబడినదానికి మొక్కలు కనబడలేదంటనా? ఏందే ఈ నాటకాలు!" అంది విజయమ్మ.

మర్నాటి నుంచి పనికి పిలుపు లేదు. తెల్లారేసరికి ఆడవాళ్లంతా నవ్వుకుంటూ ఆమె గుమ్మం ముందు నుంచే పోయేవాళ్లు. మొగుడు పోయి, పిల్లల్లేని మనిషికి ఆ ముఠాయే చుట్టాలూ పక్కాలూ. వండుకున్నా తినబుద్ధయ్యేది కాదు. గిద్దలూరు కంటి డాక్టరు దగ్గరికి పోతే, ఆటో నిండి, కదిలి, చేరేసరికి మధ్యాహ్నమై మసకంతా పోయింది. ఆయన అద్దాలు రాసి పంపాడు. ఖర్మ!

కళ్లు తెరిచి ఉంచేకొద్దీ తేటపడుతున్నాయి కదా, అసలు తెరవకపోతే? ఈసారి నిద్రలేస్తూనే కళ్లకు తువాలు కట్టుకుని, తడుముకుంటూ ఆటో ఎక్కింది. కళ్లకలకేమోనని పక్కవాళ్లు దూరం జరిగారు. ఏడుపొచ్చినా ఆమె తువాలు విప్పలేదు.

డాక్టరు తువాలు విప్పించి, వెంటనే కంటి మిషన్లో చూసి నిట్టూర్చాడు.

"నువ్వు చెప్పింది నిజమేనమ్మా. కంటి మీద అద్దంలాంటి పొర ఉంటుంది. దాని వెనక కణాలు బోరు మోటార్ల మాదిరి అందులోని నీళ్లు బయటికి తోడిపోస్తుంటాయి. ఆ మోటార్లకు కరెంటు కణాల లోపలే పుట్టాల. నీకది సరిగా పుట్టడంలేదు. రాత్రి రెప్ప మూస్తే నీళ్లు నిలిచి పొర ఉబ్బుతుంది. పగలు గాలికి ఆరుతుంది. చుక్కల మందు ఇస్తా. ముదిరితే ఆపరేషనే. తోడు ఎవరున్నారు?"

"సారూ, ఈ మాట మా విజయమ్మక్కకు ఫోన్లో చెప్పు," అంది కరుణమ్మ.

ఆయన ఓపిగ్గా అంతా చెప్పి, ఫోను ఆమె చేతికిచ్చాడు.

"గంతలు కట్టుకోని ఒక్కదానివే పోయినావా?" అంది విజయమ్మ. "నన్ను పిలిస్తే ఏంది?"

"పిలిస్తే వస్తావని నాకెట్ల తెలుసక్కా?" అంది కరుణమ్మ.