నా రెండో అరలోని వేడి బిళ్ళ

నేను ఒక ఇత్తడి డబ్బాని. అరచేతిలో ఇమిడిపోయేదాన్నే గానీ నాకు రెండు అరలున్నాయి. ఆ మాత్రం గొప్ప చెప్పుకోకపోతే ఎలా? బుడితిలో ఒక కంచరి నన్ను పోతపోసి, మూత సరిగ్గా పడేదాకా తంటాలు పడి, సంతలో అమ్మేశాడు.

కొన్నది పద్యనాటకాలకు హార్మోనియం వాయించే సన్యాసినాయుడు. ఒక అరలో పొడుం, రెండో అరలో లవంగాలు పోశాడు. పొడుం కూరుకుని తుమ్మడం, తుమ్మి హమ్మయ్య అనుకోవడం మనుషులకే చెల్లింది. ఆయన పోయాక నాటకాలకు వాయించే పనీ, హార్మోనియమూ, వాటితోపాటు నేనూ కూతురు వరహాలమ్మ చేతికొచ్చాం. ఆవిడ నన్ను చింతపండుతో తళతళా తోమి, పొడుం అరలో థైరాయిడ్ బిళ్ళలు పెట్టుకుంది. రోజూ పరగడుపున ఒకటి వేసుకునేది. లవంగాల అరను అలాగే ఉంచింది.

యాభై దాటాక ఆవిడకు ఉన్నట్టుండి ఒళ్ళంతా ఆవిర్లు రావడం మొదలైంది. మజ్జిగ, సబ్జా, బార్లీ అన్నీ అయ్యాక, విజయనగరంలో ఒక లేడీ డాక్టరు హార్మోన్ బిళ్ళలు రాసింది. ఆవిర్లు తగ్గాయి. వరహాలమ్మ వాటికి వేడి బిళ్ళలని పేరు పెట్టి లవంగాల పక్కన పడేసింది. వేడికి వేసుకునేది సబ్జా గింజల లెక్కే గానీ మందెలా అవుతుందని ఆవిడ నమ్మకం.

కొన్ని నెలలకు హార్మోనియం నత్తనడక పట్టింది. వరహాలమ్మ నడివేసవిలో శాలువా కప్పుకుంది, గొంతు బొంగురుపోయింది. రాయబారానికి బయల్దేరిన కృష్ణుడు హస్తిన చేరేలోగా జనం కునుకు తీశారు. కృష్ణుడి వేషం కట్టేదీ, నాటక సమాజం నడిపేదీ రామినాయుడే. మంచివాడే పాపం. నీకు వయసైపోయింది, ఇక కీబోర్డు పెట్టుకుంటాను, నువ్వు ముందు వరసలో దర్జాగా కూర్చో అని మర్యాదగానే చెప్పాడు. ఆవిడ ఇంకొక్క నాటకం ఉండనివ్వమని అడిగి, ఇంటికొచ్చి నన్ను గుప్పిట్లో పట్టుకుని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. ఇత్తడికి కన్నీళ్ళుండవు గనక సరిపోయింది.

రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ అంకె బాగా పెరిగిందని తేలింది. బొబ్బిలిలో థైరాయిడ్‌కు చూసే డాక్టర్ ఝాన్సీ, ఇంకేమైనా మందులు వాడుతున్నారా అని అడిగింది. లేవంది మా వరహాలమ్మ. మళ్ళీ అడిగితే మళ్ళీ లేవంది. అంతలో గొంతు గరగరమంటోందని లవంగం కోసం నా మూత తీసింది. లవంగంతోపాటు బిళ్ళ కూడా బల్ల మీద పడింది.

"ఇదేంటమ్మా?"

"అది మందు కాదమ్మా, వేడికి."

డాక్టరమ్మ నవ్వాపుకుని విడమరిచి చెప్పింది. ఆ బిళ్ళ మింగితే రక్తంలో ఒక ప్రోటీన్ పెరిగి థైరాయిడ్ హార్మోన్‌ను పట్టి ఉంచేస్తుందట. ఒంటికి చాలక, తలలోని పిట్యూటరీ గ్రంథి టీఎస్‌హెచ్ వదిలి, ఇంకా తయారుచెయ్యమని థైరాయిడ్‌ను తొందరపెడుతుందట. ఆరోగ్యమైన థైరాయిడ్ అయితే మాట వింటుంది, ఈవిడది వినలేదు. వయసుతో ఆ అంకె కాస్త పెరగడం మామూలే గానీ ఇంత పెరగదంది. థైరాయిడ్ బిళ్ళ మోతాదు పెంచింది.

వారాలు గడిచేకొద్దీ శాలువా బీరువాలోకి పోయింది. ఆ ఒక్క నాటకమూ వచ్చింది. వరహాలమ్మ వేళ్ళు హార్మోనియం మెట్ల మీద పరుగెత్తాయి. కృష్ణుడు ఆ పరుగు అందుకోలేక రాగం మధ్యలో రొప్పాడు. తెర పడగానే కిరీటం చంకలో పెట్టుకుని వచ్చాడు.

"అక్కా, కాసింత నెమ్మదిగా వాయించు. నాకు వయసైపోనాది."

ఆవిడ నా మూత తీసి ఒక లవంగం అతని చేతిలో పెట్టింది.

"వయసు మీదకి తోసీకు తమ్ముడూ. ముందు రక్తం పరీక్ష చేయించుకో."

కీబోర్డు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడు ఏ డాక్టరు ఏం మందులు వాడుతున్నారని అడిగినా వరహాలమ్మ నోరు తెరవదు. నా మూత తెరిచి బల్ల మీద పెడుతుంది.