నా క్లైమాక్స్ ఎవరు మింగారు?

నేను ఒక వీడియో క్యాసెట్‌ని. నల్లగా ఉన్నానని చిన్నచూపు చూడకండి, నా కడుపులో కథ నాకంటే నలుపు. సినిమా పేరు ‘పోతే పోయాడు’. ఓ భర్త పెళ్ళానికీ ప్రియురాలికీ ఒకే అబద్ధం చెబుతాడు. ఆడవాళ్ళిద్దరూ స్నేహితులైపోయి అతని కాఫీలో విషం కలుపుతారు. నా అట్టపెట్టె మీద ‘పెద్దలకు మాత్రమే’ అని ఉండేది. ఆ పెద్దల బుద్ధులు నన్నడగండి!

పుట్టింది విజయవాడలో, ఒక వీడియో షాపు వెనక గదిలో. ఆ షాపు ఎత్తేసినప్పుడు ఫణీంద్ర నన్ను ఇంటికి తెచ్చుకున్నాడు. పిల్లల్ని నిద్రపుచ్చి, సౌండు తగ్గించి, భార్య హైమవతితో కలిసి చూశాడు. హీరో అబద్ధమాడినప్పుడల్లా ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆవిడ సినిమా మానేసి ఆయన్నే చూసింది.

నా వీపున ఒక చిన్న రెక్క ఉండేది. అది విరగ్గొడితే నా మీద ఇంకేదీ రికార్డు కాదని కంపెనీవాడి ధీమా. మనవాళ్ళతోనా! రెక్క విరిగిన కన్నం మీద కాగితం అంటించి, సినిమా తర్వాత మిగిలిన నా టేపు మీదే పుట్టినరోజులూ బారసాలలూ ఎక్కించేవారు.

తర్వాత వీసీఆర్ మూలపడింది, నేను అటకెక్కాను. నా ముగింపు మీద మాత్రం మొగుడూ పెళ్ళాల తగువు ఆగలేదు. “చివర్లో ఆ ప్రియురాలు విషం కాఫీ పారబోస్తుంది” అని ఆయన. “నవ్వుతూ చేతికిస్తుంది” అని ఆవిడ.

ఫణీంద్ర రిటైరయ్యాక ఆఫీసు పెత్తనం వంటింట్లోకి తెచ్చాడు. మూత పెట్టలేదేం, మంట పెంచావేం, కాఫీలో ఇన్ని నీళ్ళేం! ఓ ఉదయం హైమవతి సూట్‌కేసు సర్దేసింది.

“గుంటూరులో మా అక్క దగ్గరికి పోతున్నా. ఇంక రాను. ఈ గరిటెల్ని మీరే ఏలుకోండి.”

ఆయన గబగబా గుమ్మానికి అడ్డం వచ్చాడు. అయినా నోరు ఊరుకుంటుందా? “ఆ సినిమాలో పిల్లే నయం! పోనీలే పాపమని కాఫీ పారబోసింది.”

“అయితే పందెం. పారబోస్తే ఉండిపోతా. చేతికిస్తే మాత్రం నన్నాపకండి.”

వీసీఆర్ బాగుచేయించి తెచ్చేదాకా సూట్‌కేసు గుమ్మంలోనే ఉంది. ఈసారి హీరో అబద్ధాలకి హైమవతి పడీపడీ నవ్వింది. ఫణీంద్ర చెమటలు తుడుచుకున్నాడు. చివరికి కాఫీ కప్పు మీద ఆ పిల్ల చెయ్యి పడింది. అంతలో తెరంతా గీతలు!

గీతలు పోయాక కనిపించింది వంటింట్లో పాతికేళ్ళ హైమవతి. “అబ్బ, తియ్యకండీ! జుట్టంతా రేగిపోయి ఉంది!” కెమెరా వెనక ఫణీంద్ర గొంతు: “తియ్యనీవే! నీ చేతి కాఫీ లేకపోతే నేను బతకలేనని ఊరందరికీ చూపించొద్దూ!”

అక్కడితో వీసీఆర్ నా టేపు నమిలేసింది. అసలు ముగింపు ఏమిటో ఇప్పుడు నాకూ తెలియదు.

హైమవతి కళ్ళు తుడుచుకుంది. “ఆ మాట మళ్ళీ ఒక్కసారన్నా అన్నారా?”

“అనలేదే” అన్నాడాయన, తలొంచుకుని.

ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళింది. కాసేపటికి కాఫీ తెచ్చి నవ్వుతూ చేతికిచ్చింది. ఆయన కప్పుని చూశాడు, సూట్‌కేసుని చూశాడు, ఆ నవ్వుని చూశాడు.

“ఇందులో ఏం కలిపావే?”

“తాగి చెప్పండి. గుంటూరు బస్సులకేం, బోలెడున్నాయి.”

ఒక గుక్క తాగాడు. మొహం చూస్తేనే తెలుస్తోంది, అన్నీ నీళ్ళే.

“అమృతం!” అన్నాడు.

నా హీరో సినిమా అంతా అబద్ధాలే ఆడాడు కానీ, ఇంత చక్కనిది ఒక్కటీ ఆడలేదు.