మూరెడు దారం

ఆ టీచరమ్మ మాటెత్తితే నాకు ఒళ్లు మండుతుంది. మా ఇంట్లో మా పిల్ల ఆ మాట ఎత్తని పూట ఉండేది కాదు. టీచర్ ఇలా నవ్వుతుంది, టీచర్ చేతిరాత ముత్యాల్లా ఉంటుంది, టీచర్ ఈరోజు నాకు జడ వేసింది. కన్నది నేను, జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ వేసింది నేను. నా చేతిరాత సంగతి అడక్కండి, నాకు రాయడమే రాదు.

మా ఆయన లారీ మీద ఊళ్లు తిరిగి ఎప్పుడో ఇంటికొస్తాడు. ఒకసారి వచ్చి నా గోడు సాంతం వినకుండానే నవ్వేశాడు.

"నీకు ఆవిడంటే కుళ్లే."

"ఆవిడ దగ్గర ఏముందని కుళ్లు?"

"నీ కూతురుంది," అన్నాడు.

ఆ పూట కూరలో ఉప్పు వేయలేదు. కావాలనే వేయలేదు.

నేను కాజాలు కుడతాను. దర్జీ కొట్టు నుంచి చొక్కాలు మూటలుగా వస్తాయి. గుమ్మం దగ్గర వెలుగులో కూర్చుని కాజాలు కుట్టి, గుండీలు వేసి పంపుతాను. చెయ్యి ఇంకా చురుగ్గానే ఉంది గానీ కళ్లే మొరాయిస్తున్నాయి, సూది బెజ్జం ఆనదు. అందుకని మా పిల్ల బడికి వెళ్లేముందు సూదులన్నిటికీ దారం ఎక్కించి గుడ్డ ఉండకు గుచ్చిపోయేది. మధ్యాహ్నానికి అవి అయిపోయేవి. బడి పక్క వీధే కాబట్టి అన్నం వేళకు పరిగెత్తుకొచ్చి మళ్లీ ఎక్కించేది. ఎక్కిస్తూ కూడా టీచర్ కబుర్లే.

ఆ బడి ఏడో తరగతితో సరి. పై తరగతులకి వెళ్లాలంటే లారీలు తిరిగే పెద్ద రోడ్డు దాటి చాలా దూరం పోవాలి. మా వీధిలో ఆడపిల్లలంతా ఏడుతోనే ఆగిపోయారు. మా పిల్లా ఆగుతుంది, నా పక్కన కూర్చుని కాజాలు నేర్చుకుంటుంది, ఆవిడ పీడ వదులుతుంది అనుకున్నాను.

సెలవులు అయిపోతుండగా ఆవిడే ఊడిపడింది. స్కూటరు మా గుమ్మం ముందు ఆపింది.

"అక్కా, నన్ను ఆ పెద్ద బడికి మార్చారు. రోజూ ఇటే వెళ్తాను. పాపని నా వెనకాల కూర్చోబెట్టుకుని తీసుకెళ్లి, సాయంత్రం దింపేస్తాను. మీరేం బెంగపెట్టుకోకండి."

మా పిల్ల మొహం చూడాలి అప్పుడు! నేను కొత్త గౌను కొన్ననాడు కూడా అలా వెలగలేదు. ఆవిడ నడుం పట్టుకుని స్కూటరు మీద కూర్చున్నట్టే ఉంది అప్పుడే. నా గుండెలో భగ్గుమంది.

"మధ్యాహ్నం సూదులకి దారం ఎవరెక్కిస్తారు టీచరమ్మా? మీరొచ్చి ఎక్కిస్తారా?"

ఆవిడ నొచ్చుకోలేదు. "సోమవారం బడి తెరుస్తారు. వెళ్తూ ఇక్కడ ఆగుతాను, ఆలోచించండి అక్కా," అని వెళ్లింది. అంత మర్యాదగా వెళ్లినందుకు ఇంకా మండింది.

పిల్ల ఏడవలేదు, బతిమాలలేదు. టీచర్ మాట ఎత్తడం మానేసింది. నాకు కావలసింది అదేగా! కానీ దాంతోపాటు మిగతా మాటలూ మానేసింది. ఇంట్లో కత్తెర చప్పుడు తప్ప ఇంకేమీ వినపడేది కాదు.

సోమవారం పొద్దున పనికి కూర్చునేసరికి సూదులు సిద్ధంగా ఉన్నాయి. ఒకటి లాగాను. దారం వస్తూనే ఉంది, ఎంతకీ తెగదు. దాంతోపాటు మిగతా సూదులన్నీ చిక్కుపడి వచ్చాయి. మూర దాటితే దారం చిక్కుపడుతుందని ఊహ తెలిసినప్పటి నుంచీ చూస్తున్న పిల్ల చేసిన పని అది!

"ఒసేయ్, బుర్రుందా నీకు? దారమంతా తగలేశావు కదే!"

గోడకి ఆనుకుని నిలబడింది. "పొడుగ్గా ఉంటే సాయంత్రం దాకా వస్తుందనుకున్నా. మధ్యాహ్నం నేను లేకపోయినా."

చిక్కు తీస్తూ కూర్చున్నాను. అది వచ్చే చిక్కు కాదు. వీధి చివర స్కూటరు చప్పుడైంది.

"పొడుగు దారం కాదే పిచ్చిదానా, ఇంకాసిని సూదులు కావాలి. పెట్టె అడుగున కొత్త పొట్లం ఉంది, తే."

ఆ పొట్లం ఎప్పటి నుంచో ఉంది. తీస్తే పిల్ల మధ్యాహ్నం ఇంటికి రాదని తీయలేదు. నా సూదులు, నా ఇష్టం.

పిల్ల నా చెయ్యి లాక్కుని, మోచేతి నుంచి వేలి కొస దాకా దారం కొలిచి తుంచడం మొదలుపెట్టింది. టీచరమ్మ స్కూటరు దిగి, చూసి, ఒక్క మాట అడక్కుండా గుమ్మంలో చతికిలబడి తనూ సూది అందుకుంది. చకచకా ఎక్కించేస్తోంది. అదీ వచ్చు మహాతల్లికి!

"జడ మాత్రం నేనే వేస్తాను," అన్నాను. బిగించి మరీ వేశాను.

పిల్ల స్కూటరు మీద ఆవిడ నడుం గట్టిగా పట్టుకుని కూర్చుంది. చూశాను. మండింది. సందు తిరిగేదాకా చూస్తూనే ఉన్నాను.

అన్నం వేళకి అలవాటుగా వీధి వైపు చూశాను. ఉండలో దారం ఎక్కించిన సూదులు ఇంకా సగం ఉన్నాయి.