కాగితం బొమ్మకు ఒకటే చిల్లు

మా అత్తగారి దగ్గర ఒక చెక్క అచ్చు ఉంది. పండగకి కహక్ బిస్కెట్లు ఒత్తే అచ్చు, వాళ్ళమ్మ నాటిది. మధ్యలో పెద్ద రేకుల పువ్వు, చుట్టూ గోధుమ కంకులు. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చి పదకొండేళ్ళయింది. ఇన్నేళ్ళలో ఆ అచ్చు మీద నా వేలు పడనివ్వలేదు. "నీది మోటు చెయ్యి ఇన్సాఫ్, పగలగొట్టేస్తావ్" అనేది అత్తయ్య. పండగ వస్తే పిండి పిసికేది నేను, పొయ్యి దగ్గర చెమటలు కక్కేది నేను, అచ్చు ఒత్తేది మాత్రం ఆవిడ. అలాంటి అచ్చుని, వచ్చి ఏడాది తిరగని నా తోడికోడలి చేతిలో పెట్టింది. అదీ పిండి ఒత్తడానికి కాదు, కాగితం ఒత్తడానికి.

కాగితం నా పని. సముద్రం ఒడ్డున ఉన్న ఈ బహరీ పేటలో మా చుట్టుపక్కల ఏ ఇంట్లో పెళ్ళి జరిగినా, బిడ్డ పుట్టి ఏడో రోజు వేడుక చేసినా, చక్కెర బాదం పోసి పంచే పెట్టెలూ, పిలుపు కార్డులూ నా భోజనాల బల్ల మీదే తయారవుతాయి. గాలిపటాల కాగితాన్ని గుప్పిట్లో నలిపి, విప్పి, మళ్ళీ నలిపి, పిండి జిగురుతో అట్ట మీద అతికిస్తాను. ఆరాక కాఫీ మడ్డి పులుముతాను. ముడతల సందుల్లోకి నలుపు దిగిపోతుంది, గట్లు తేలి నిలుస్తాయి. చూసినవాళ్ళు పాత తోలు అనుకుని గోటితో గీకి చూస్తారు. జిగురు ఉడికేటప్పుడు నాలుగు లవంగాలు వేస్తే పురుగు పట్టదనీ, ఈ సముద్రపు గాలికి పెట్టెలు వంకరపోకుండా బరువు కింద ఆరబెట్టాలనీ నాకెవరూ చెప్పలేదు. పాడుచేసుకుంటూ నేర్చుకున్నాను.

నా తోడికోడలు నిహాల్ దమియత్తా ఊరి పిల్ల. వాళ్ళది చెక్క చెక్కే ఇల్లు. పల్చగా, తెల్లగా ఉంటుంది, గొంతు మెత్తన. కాకిని చూసినా "మాషా అల్లా" అంటుంది. నా పులుసులో ఉప్పెక్కువైనా "మాషా అల్లా, ఎంత రుచో అక్కా" అంటుంది. దిష్టి తగలకుండా ఎవరైనా అనే మాటే, కాదనను. కానీ రోజంతా ఆ మాట వింటుంటే నాకే దిష్టి కొట్టినట్టుండేది.

ఇక నా సంగతి. నావి పిల్లి కళ్ళు. ఈ వీధిలో పిల్లి కళ్ళుంటే చాలు, ఎవరింట్లో పాలు విరిగినా నీ వైపు చూస్తారు. కింద అంతస్తు ఉమ్ హిలాల్ నేను మెట్లెక్కుతుంటే మనవణ్ణి కొంగు కింద దాచేస్తుంది. ఆ పిల్లాడి ముక్కు ఎప్పుడూ కారుతూనే ఉంటుంది, వాడిలో నేను అసూయపడేదేముందో నాకు తెలీదు.

మా ఆడపడుచు నర్గిస్‌కి పెళ్ళి కుదిరింది. పెట్టెలు నేనే చెయ్యాలని ఎవరూ చెప్పక్కర్లేదనుకున్నాను. కాగితాలు నలపడం మొదలుపెట్టేశాను కూడా. ఒక సాయంత్రం నర్గిస్ వచ్చి నా పక్కన కూర్చుని, గాజులు తిప్పుకుంటూ నసిగింది.

"వదినా, కోప్పడవు కదా?"

"విషయం చెప్తేనేగా కోపం వస్తుందో రాదో తెలిసేది."

"అంతా తెల్లగా కావాలని ఉంది. నీవి బాగుంటాయి, కాదని కాదు. కానీ అందరి పెళ్ళిళ్ళకీ అవేగా! చిన్న వదిన అమ్మ అచ్చులో తడి కాగితం ఒత్తి ఒక మూత చేసింది. చూశావా? పువ్వు ఎంత తేలిందో! పెట్టెలు నువ్వు మడువు, మూతలు చిన్న వదిన చేస్తుంది. ఇద్దరి చెయ్యీ పడ్డట్టుంటుంది."

పెట్టె నేను మడవాలట. మూత ఆమె చేస్తుందట. పెట్టె అందుకున్నవాడు చూసేది మూతనే కదా! అడుగు భాగం ఎవడు తిప్పి చూస్తాడు? కొత్తొక వింత, పాతొక రోత అని ఊరికే అనలేదు. అయినా నవ్వి, "నీ ఇష్టం తల్లీ" అన్నాను. రాత్రి మా ఆయన సబ్రీకి చెప్పుకుంటే, "పని తగ్గింది కదా, హాయిగా ఉండు" అన్నాడు. మగవాళ్ళకి ఏం చెప్పినా అంతే.

నిహాల్ పని చేస్తుంటే చూశాను. చూడకుండా ఉండలేకపోయాను. దళసరి కాగితాన్ని నీళ్ళలో నానబెట్టి, అచ్చులో పరిచి, గుడ్డ ఉండతో అద్ది, చెంచా వీపుతో రేకు రేకునీ లోపలికి దించేది. ఆరాక మెల్లగా లేపితే పువ్వూ కంకులూ ఉబ్బెత్తుగా, ముట్టుకుంటే వేలికి తగిలేలా వచ్చేవి. అంత అందమైన పని నేను చెయ్యలేదు. ఆ మాట ఒప్పుకోవడానికి నా కడుపులో ఎంత మంట పుట్టిందో నాకే తెలుసు. అచ్చు ఆమె ఒళ్ళో ఉంది. పక్కన అత్తయ్య కూర్చుని, "అలా కాదమ్మా, కంకి దగ్గర కాస్త గట్టిగా" అని ముద్దుగా నేర్పుతోంది. నాకెప్పుడైనా "అమ్మా" అందా?

మూతలన్నీ అయ్యాక సోఫా మీద వరసగా పేర్చారు. ఉమ్ హిలాల్ వచ్చింది, పక్కింటి అక్కాచెల్లెళ్ళు వచ్చారు, అందరూ మాషా అల్లాలు కురిపించారు. నేను గుమ్మంలో నిలబడి చూశాను. నోట్లోంచి ఒకే మాట ఊడిపడింది.

"అబ్బ, ఎంత బాగున్నాయో!"

అంతే. తర్వాత రావలసిన మాట రాలేదు. ఉమ్ హిలాల్ కళ్ళు నా మీదికి, మూతల మీదికి, మళ్ళీ నా మీదికి తిరిగాయి.

"మాషా అల్లా అను పిల్లా" అంది అత్తయ్య.

"మాషా అల్లా" అన్నాను. వడ్డించాక ఉప్పు వేసినట్టే ఉంది.

రెండు మూడు రోజులు గడిచాయి. ఒక పొద్దున నిహాల్ ఏడుపు విని పరుగెత్తాను. మూతలు తీసి చూస్తే తెల్లటి పువ్వుల మీద పసుపు మచ్చలు. ఒకదానికి రేకు మీద, ఒకదానికి కంకి మీద. ముందురోజు లేని మచ్చలు. తుడిస్తే పోవడం లేదు, పొద్దెక్కేకొద్దీ పాకుతున్నాయి. నర్గిస్ తల పట్టుకుని కూలబడింది. నా లోపల ఏదో చల్లబడింది, అబద్ధం ఎందుకు? ఆ వెంటనే భయం పట్టుకుంది. నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందంటారు. కాగితం ఎంత?

ఎవరూ నన్ను ఏమీ అనలేదు. అంటే బాగుండేది, నాలుగు తిట్టి దులుపుకునేదాన్ని. ఉమ్ హిలాల్ మాత్రం మెట్ల మీద ఎవరితోనో, "పాపం కొత్త పిల్ల, ఇంట్లోనే కన్ను పెట్టుకుని బయట వెతుకుతున్నారు" అంది. నేను వినాలనే అంది. దాని పక్కన నవ్విన గొంతు పక్కింటి సుహైర్‌ది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అంటారు గానీ, నా తోడికోడలు నవ్వలేదు. ఎర్రబడ్డ కళ్ళతో వచ్చి, "టీ తాగుతావా అక్కా?" అని అడిగింది. అది ఇంకా మండించింది.

శుక్రవారం మధ్యాహ్నం మగవాళ్ళు మసీదుకి వెళ్ళాక, అత్తయ్య కుంపట్లో బొగ్గులు రాజేయించింది. దిష్టి తియ్యడానికి కాగితంతో దిష్టి బొమ్మ చెయ్యాలంది. మా ఇంట్లో దిష్టి బొమ్మ కత్తిరించేది ఎప్పుడూ నేనే. కత్తెర చెయ్యి నాది కదా!

"ఏ కాగితం తియ్యను అత్తయ్యా?"

"పాడైందే తియ్యి. దేనికి తగిలిందో దాన్నే కాల్చాలి."

ఒక మూత మీది పూల కాగితం ఊడదీసి మనిషి ఆకారంలో కత్తిరించాను. తల, రెండు చేతులు, గౌను. పువ్వు సరిగ్గా బొమ్మ గుండెల మీదికొచ్చింది. సూదితో పాటు అత్తయ్యకి అందించాను. ఆవిడ చెయ్యి ముందుకు చాచి వెనక్కి తీసుకుంది.

"నా చెయ్యి వణుకుతోంది. నువ్వే పొడు. నువ్వే పేర్లు చెప్పు."

నిహాల్ నేల మీద కూర్చుంది. నర్గిస్ గోడకి ఆనుకుంది. ముగ్గురూ నా చేతినే చూస్తున్నారు. దిష్టి బొమ్మ పద్ధతి చిన్నపిల్లలకి కూడా తెలుసు. చూసినవాళ్ళందరి పేర్లూ పలకాలి, ఒక్కో పేరుకి ఒక్కో పోటు. ఒక్క పేరు మర్చిపోయినా ఆ కన్ను అలాగే తెరుచుకుని ఉంటుంది.

"ఉమ్ హిలాల్ కంటి నుంచి" అన్నాను. సూది దించాను. చాలా తృప్తిగా దించాను.

"పక్కింటి సుహైర్ కంటి నుంచి. వాళ్ళ చెల్లెలి కంటి నుంచి. బాదంపప్పు తెచ్చిన కొట్టువాడి కంటి నుంచి. పెళ్ళికొడుకు వాళ్ళ మేనత్త కంటి నుంచి..."

"ఆవిడ చూడలేదు వదినా" అంది నర్గిస్.

"ఫోన్లో చూసిందిగా! కన్ను కన్నే."

పేర్లు అయిపోయాయి. బొమ్మ జల్లెడయింది. గుండెల దగ్గర పువ్వు మాత్రం ఖాళీగా ఉంది. సూది నా వేళ్ళ మధ్య తడిగా జారుతోంది. చెప్పకపోతే మళ్ళీ ఒత్తే మూతలకీ మచ్చలొస్తాయి, నర్గిస్ పెళ్ళిలో జనం మచ్చల పెట్టెలు పట్టుకుని తిరుగుతారు. చెప్తే, ఈ ముగ్గురి ముందూ, ఇక జీవితాంతం, నేను అదే.

"ఇన్సాఫ్ కంటి నుంచి" అన్నాను. పువ్వు మధ్యలో పొడిచాను.

నిహాల్ తల దించుకుంది. అత్తయ్య కొంగుతో మూతి తుడుచుకుని, మామూలుగా, కూరగాయల సంగతి చెప్పినట్టు చెప్పింది.

"ఆ పేరు పొద్దున్నే అయిపోయిందమ్మా. న్యూస్ పేపరుతో ఒక బొమ్మ చేసి కాల్చాను. దానికి ఒకటే చిల్లు."

పదకొండేళ్ళలో నన్ను "అమ్మా" అనడం అదే మొదటిసారి.

బొమ్మని నిప్పుల మీద పడేశాను. అది మామూలు కాగితంలా భగ్గుమని ఆరిపోలేదు. చుయ్యిమంది. అంచుల నుంచి బుడగలొచ్చాయి. గదంతా ఒక వాసన కమ్ముకుంది, అందరం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం.

"పండగ వాసన" అంది నర్గిస్. "కహక్ వాసన!"

నేను ఇంకో మూత ముక్కు దగ్గర పెట్టుకున్నాను. నెయ్యి.

"అత్తయ్యా, అచ్చు ఎలా దాస్తావు నువ్వు?"

"ఎలా దాస్తానేంటి? పండగ అయ్యాక నెయ్యి పట్టించి గుడ్డలో చుడతాను. లేకపోతే చెక్క పగిలిపోదూ? మా అమ్మా అలాగే..." అని మధ్యలో ఆగిపోయింది. చెక్కలోకి ఇంకిన ముప్పై నలభై పండగల నెయ్యి, తడి కాగితం తగలగానే బయటికొచ్చి, ఎండకి మెల్లగా పాకింది.

"నెయ్యికి దిష్టి తగిలిందన్నమాట" అన్నాను. "ఏమ్మా నిహాల్, చెక్క చెక్కే ఇంట్లో పుట్టావు, నీకైనా తెలీలేదా?"

"మా ఇంట్లో మంచాలు చేస్తారక్కా" అంది ఆమె, ఏడుపూ నవ్వూ కలిసిపోయి. "మంచానికి నెయ్యి రాయరు."

అత్తయ్య ఎవరి వంకా చూడకుండా లేచి వెళ్ళి, అచ్చు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. బరువుగా, నున్నగా ఉంది. రేకుల మధ్య వేలు పెట్టి చూశాను. పదకొండేళ్ళు ఎదురుచూశాక చేతికొచ్చింది. ఎందుకనుకున్నారు? కడగడానికి.

"వేడినీళ్ళు, సబ్బు, చాకలి సోడా" అంది అత్తయ్య. "నీది మోటు చెయ్యి కదా, బాగా రుద్దు."

రుద్దాను. నీళ్ళ మీద పసుపు తెట్టు తేలడం ఆగిపోయేదాకా రుద్దాను. బాల్కనీ నీడలో ఆరబెట్టాను. మర్నాడు ఆరిందో లేదో చూడ్డానికని తీశాను. ఎవరూ లేరు. తెల్ల కాగితం నానబెట్టలేదు. నా గాలిపటం కాగితాన్నే నలిపి, జిగురు పూసి, నాలుగు పొరలు ఒకదాని మీద ఒకటి అచ్చులో వేసి, చెంచా వీపుతో దించాను. చేతులు తెలిసినట్టే కదిలాయి. ఆరాక లేపి, కాఫీ మడ్డి చాలా పల్చగా పులిమాను. పువ్వు తేలింది. రేకు రేకుకీ నరాల్లా సన్నని ముడతలు. ఎండిపోయిన నిజం పువ్వుని పుస్తకం లోంచి తీసినట్టుంది.

పెట్టెకి అతికించి బల్ల మీద పెట్టాను. నర్గిస్ వచ్చి చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది.

"మాషా అల్లా! వదినా, తెలుపూ వద్దు, ఏమీ వద్దు. మూతలన్నీ ఇలాగే కావాలి. కార్డులు కూడా!"

నిహాల్ కాఫీ ట్రే పట్టుకుని వచ్చింది. ట్రే కింద పెట్టి పెట్టెని అందుకుంది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. రేకుల మీద వేలు రాసింది, వెలుతురికి అడ్డంగా తిప్పింది, మూత తీసి లోపలి వైపు కూడా చూసింది. ఆమె మొహం నాకు బాగా తెలిసిన మొహం. అద్దంలో రోజూ చూస్తున్నదే.

"బాగుందక్కా" అంది.

నేను ఆగాను. ఆ మాట కోసం ఆగాను. కాకికి పడేసే మాట, ఉప్పు పులుసుకి పడేసే మాట. రాలేదు. ఆమె పెట్టె బల్ల మీద పెట్టేసి, పెదవులు బిగించుకుని కాఫీలు అందించడం మొదలుపెట్టింది.

నా ఒళ్ళంతా చల్లగా, హాయిగా అయిపోయింది. ఆ కాఫీ అంత తియ్యగా ఎప్పుడూ లేదు.

సోఫా మీంచి అత్తయ్య గొంతు వినపడింది. కళ్ళు మూసుకుని జపమాల తిప్పుకుంటోంది, నిద్రపోతోందనుకున్నాను.

"ఇన్సాఫ్, కత్తెర తెచ్చుకో. ఇంకో బొమ్మ కత్తిరించు."