ముప్పై ఒక్క సున్నాలు

"ఓసారి సరిచూడాల్సింది పట్టికే కదా, కూర ఉడికేలోపు అయిపోతుంది," అని బూట్లు తొడుక్కుని వెళ్ళిపోయాడు ఆమె భర్త. కూర ఉడకడానికి ఎంతసేపు పడుతుందో ఆయనకి తెలిస్తే కదా! పన్నెండేళ్ళ కాపురంలో ఆయన పొయ్యి వెలిగించింది ఒకే ఒక్కసారి. అదీ ఆమె ఒళ్ళు తెలియని జ్వరంతో పడి ఉన్నప్పుడు. ఆ పూట కాచిన పాల గిన్నె ఇప్పటికీ అడుగు నల్లగానే ఉంది.

ఆమె కూర పొయ్యి మీద పడేసి, స్టూలు లాక్కుని వంటింటి గట్టు మీదే కంప్యూటర్ తెరిచింది. పట్టికలో తొంభై ఆరు దేశాలున్నాయి. ఒక్కో దేశానికి ఒక్కో వరస. అక్కడ మనిషి సగటున ఎన్నేళ్ళు బడికి వెళ్ళాడు, ఎన్నికలు సవ్యంగా జరుగుతాయా, పత్రికలు నోరు విప్పగలవా, గాలిలో పొగ ఎంత ఉంది, ఇవీ అందులోని గడులు. ఆయన కాలేజీలో అర్థశాస్త్రం చెబుతాడు. చదువుకీ ప్రజాస్వామ్యానికీ పొగకీ ఉన్న సంబంధం మీద రాస్తున్న ఈ వ్యాసం అచ్చయితే ఆయన ప్రొఫెసర్ అవుతాడు. వ్యాసం ఆయనది. అంకెలు వెతికి, సరిచూసి, నింపే పని ఆమెది. నిజానికి గణాంకశాస్త్రంలో ఆమె చదువు ఆయన చదువుకంటే రెండు మెట్లు పైనే. పెళ్ళయిన కొత్తలో ఆ సంగతి ఆయనే నలుగురికీ చెప్పుకుని మురిసిపోయేవాడు. "మా ఆవిడకి నాకంటే ఎక్కువ మార్కులండీ," అనేవాడు. పోను పోను అది "మా ఆవిడకి లెక్కలంటే సరదా" అయింది. ఈ మధ్య "మా ఆవిడ టైపు బాగా చేస్తుంది" దగ్గరికొచ్చి ఆగింది. మనిషిని చిన్నబుచ్చడానికి తిట్లే అక్కర్లేదు, పొగడ్తని ఏటా ఓ మెట్టు కిందికి దించుకుంటూ వస్తే సరిపోతుంది. అలాగని ఆయన చెడ్డవాడేం కాదు. గొంతు పెంచడు, చెయ్యెత్తడు, జీతం దాచుకోడు. అందుకే ఆమె బాధ ఎవరికి చెప్పినా "నీకేం తక్కువే?" అనేవారు.

కూర కలిపి వచ్చి చూసేసరికి, పొగ గడుల్లో ఏదో తేడాగా అనిపించింది. ముప్పై ఒక్క దేశాలు తమ గాలి లెక్క ఎవరికీ చెప్పవు. కొన్నిచోట్ల కొలిచే యంత్రాలే లేవు, కొన్నిచోట్ల కొలిచినవాడు బయటికి చెబితే ఉద్యోగం ఊడుతుంది. ఆ గడులన్నీ ఆమె ఖాళీగా వదిలేసింది. ఇప్పుడు వాటన్నిటిలో సున్నాలున్నాయి. ముప్పై ఒక్క సున్నాలు, ముగ్గు చుక్కల్లా వరసగా.

వెంటనే ఫోన్ చేసింది.

"అవును, నిన్న నేనే వేశాను. ఖాళీ ఉంటే ప్రోగ్రాం ముందుకి కదలట్లేదు. అందరూ చేసేదేలే," అన్నాడాయన.

"అలా వేస్తే వాళ్ళ దగ్గర పొగే లేదని అర్థం వస్తుందండీ. వ్యాసమంతా తారుమారవుతుంది."

"సోమవారం గడువు. ఇప్పుడు నా బుర్ర తినకు. సాయంత్రం మా డిపార్ట్‌మెంట్ హెడ్డు గారు టీకి వస్తున్నారు, తినడానికేదైనా చూడు. నువ్వు టైపు చెయ్యి చాలు."

వెనక పీట మీద కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తున్న అత్తగారు తలెత్తింది. "ఏమిటే అమ్మాయ్, ఆ తెరకేసి అలా గుడ్లప్పగించి చూస్తున్నావు?"

కొందరు మాకింత పొగ ఉందని చెప్పారనీ, కొందరు చెప్పలేదనీ, చెప్పనివాళ్ళకి మీ అబ్బాయి సున్నా వేశారనీ చెప్పింది ఆమె.

అత్తగారికి నవ్వొచ్చింది. నవ్వుతోపాటు దగ్గూ వచ్చింది. అది తగ్గాక కొంగుతో కళ్ళు తుడుచుకుని, "వాడికది అలవాటేలే. మొన్న డాక్టరు ఏమిటమ్మా ఇబ్బంది అని నన్నడిగితే, వాడు అందుకుని 'అమ్మకేం లేదండీ, బాగానే ఉంది' అన్నాడు. కట్టెపొయ్యి దగ్గర ముప్పై ఏళ్ళు ఊదింది నేనా వాడా? నేను చెప్పలేదు, నన్నెవరూ చెప్పనివ్వలేదు. అంతమాత్రాన దగ్గు లేనట్టేనా?" అంది.

నిజమే కదా, నోరు మెదపని ఇల్లు పక్కింటి వాళ్ళకి ప్రశాంతంగానే కనిపిస్తుంది. తను మాత్రం ఏం చెప్పింది ఈ పన్నెండేళ్ళలో? మూడుసార్లు ఉద్యోగం సంగతి ఎత్తింది. మొదటిసారి "ఇప్పుడేం తొందర" అన్నారు, రెండోసారి "ఇల్లెవరు చూస్తారు" అన్నారు, మూడోసారి ఏమీ అనకుండా టీవీ గొంతు పెంచారు. ఆ తర్వాత తనే మానేసింది. ఆ మానెయ్యడాన్ని ఈ ఇల్లు ఏమని రాసుకుంది? ఆమెకి ఏ కోరికా లేదని. మామూలుగా అయితే ఆ తలపుని మింగేసి గిన్నెలు తోముకునేది. ఈసారి పొయ్యి కట్టేసి, ఆ ముప్పై ఒక్క దేశాలనీ పక్కన పెట్టి, లెక్క మళ్ళీ మొదటినుంచి నడిపింది.

గంటన్నర తర్వాత వచ్చిన జవాబు చూసి లేచి నిలబడింది. ఆయన లెక్కలో చదువూ ఓటూ పెరిగినచోట పొగ కూడా పెరిగినట్టుంది. ఇప్పుడది తిరగబడింది. జనం నిలదీయగలిగినచోట, బడిలో గడిపిన ఒక్కో ఏడూ గాలిని కాస్త కాస్తగా శుభ్రం చేస్తోంది. నోరు విప్పలేని చోట ఎంత చదివినా పొగ అంగుళం కదలడం లేదు. చదువు ఒక్కటే చాలదు, ఆ చదువుతో మాట్లాడనివ్వాలి. ఇది ఏ దేశం సంగతో, ఏ ఇంటి సంగతో ఆమెకి వేరే ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

సాయంత్రం హెడ్డు గారు వచ్చారు. రిటైర్మెంట్ దగ్గరపడిన మనిషి, మాట కరుకు. ఆమె టీ తెచ్చేసరికి భర్త ఇచ్చిన వ్యాసం తిరగేస్తున్నారు. చివరి పేజీలో "టైపు చేసిన నా శ్రీమతికి కృతజ్ఞతలు" అన్న వాక్యం దూరం నుంచే ఆమె కంట పడింది.

"కొత్త మాట చెప్పావయ్యా! చదువూ ఎన్నికలూ లేని దేశాల్లోనే గాలి శుభ్రంగా ఉందా?" అన్నారు హెడ్డు గారు.

భర్త మొహం చాటంత అయింది.

"అది తప్పండీ," అంది ఆమె. టీ కప్పులు బల్ల మీద పెట్టింది. "ఆ ముప్పై ఒక్క దేశాలూ అసలు లెక్కే చెప్పలేదు. చెప్పనివాళ్ళకి సున్నా వేశాం."

"నువ్వు లోపలికెళ్ళి బిస్కెట్లు పట్రా," అన్నాడు భర్త, నవ్వు చెదరనివ్వకుండా.

"తెస్తానండీ, ఇది చెప్పేశాక."

చెప్పింది. తను మళ్ళీ నడిపిన లెక్క తెర మీద చూపించింది. హెడ్డు గారు కళ్ళజోడు సవరించుకుని వరసలన్నీ కిందిదాకా చూశారు. "పొగ సున్నా ఉన్న చోటు భూమ్మీద ఎక్కడైనా ఉంటుందటయ్యా? ఇది అచ్చయి ఉంటే మన కాలేజీ కాలేజీ అంతా నవ్వులపాలయ్యేది. రెండు వారాలు గడువు అడుగుదాం. ఈ కొత్త లెక్కతో మొత్తం తిరగరాయండి," అని, టీ పూర్తిగా తాగి మరీ వెళ్ళారు.

తలుపు వేసి భర్త ఆమె వైపు తిరిగాడు. "ఆయన ముందు నా పరువు తీశావు," అన్నాడు.

"పొద్దున మీకొక్కరికే చెప్పానండీ. మీరు వినుంటే ఆయనదాకా వచ్చేది కాదు."

ఆయన కుర్చీలో కూలబడి, తెర మీది అంకెల్ని ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాడు. ఎంతైనా చదువు చెప్పుకునే మనిషి, తప్పు కళ్ళముందుంటే కాదనలేకపోయాడు. చివరికి చిన్నగా, "రెండు వారాల్లో అవుతుందా నీకు?" అని అడిగాడు.

"అవుతుంది. వ్యాసం మీద నా పేరుంటే."

"మన మధ్య పేర్లేమిటి?"

"మన మధ్య కాదండీ, వ్యాసం మీద."

ఆయన మెడ రుద్దుకున్నాడు. "సరే. ఎవరి పేరు ముందు?"

ఆమె కంప్యూటర్ చేతుల్లోకి తీసుకుని ఆయన చదువుకునే బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చుంది. "ఈ రెండు వారాలూ వంట ఎవరు చేస్తారో, వాళ్ళది రెండో పేరు."

లోపలి గదిలోంచి అత్తగారి నవ్వు వినిపించింది. ఆయన తల్లి గది వైపూ, భార్య వైపూ చూశాడు. లేచి చొక్కా చేతులు మడిచి వంటింట్లోకి నడిచాడు. డబ్బాల మూతలు తీసిన చప్పుడు, ఏదో కింద దొర్లిన చప్పుడు.

"ఉప్పు ఎక్కడుంటుంది?"

ఆమె పట్టిక మీంచి తలెత్తలేదు.

"వెతకండి, దొరుకుతుంది," అంది.