అన్నం కుండ దగ్గర చోటు

వియత్నాంలోని విన్ పట్టణంలో వేసవి వచ్చిందంటే పడమటి కొండలు దాటి వేడిగాలి కొడుతుంది. అక్కడివాళ్లు దాన్ని లావోస్ గాలి అంటారు. ఆ గాలి మొదలైన రోజు నుంచి, వీధి చివర కూరలమ్మే ముసలావిడకు సెంగ్‌దావ్ కనిపిస్తే చాలు, "ఏమే పిల్లా, నువ్వొచ్చింది చాలక మీ గాలిని కూడా వెంటేసుకొచ్చావా?" అని నవ్వేది. పక్కనే ఉన్న మాలైని మాత్రం, "నీడలో నడువమ్మా, కందిపోతావు" అనేది. ఇద్దరూ లావోస్ పిల్లలే గదా! గాలి ఒక్కదాని నెత్తిమీదే ఎందుకు పడిందో సెంగ్‌దావ్‌కు అర్థమయ్యేది కాదు.

ఇద్దరూ ఒకే బస్సులో వియత్నాం వచ్చారు. ఏడాదిలో ఇక్కడి భాష పట్టుబడితే, ఆ తర్వాత నాలుగేళ్ల చదువు. ఇంట్లో మసిలితేనే భాష వస్తుందని కాలేజీవాళ్లు ఇద్దరినీ న్యాన్ అనే ఆవిడ ఇంట్లో పెట్టారు. ఇంట్లో ఆవిడ, ఆవిడ భర్త, అందరూ బామ్మ అని పిలిచే ముసలి అత్తగారు. ఒక్కగానొక్క కూతురు హియెన్ పెళ్లి చేసుకుని హనోయ్‌లో ఉంది.

ఆరు నెలల్లో రోజులు ఒక గాడిలో పడ్డాయి. ఐదింటికి వీధి స్తంభానికున్న సర్కారు మైకు వార్తలతో లేపుతుంది. ఏడింటికి క్లాసు, పదకొండింటికి సైకిళ్ల మీద ఇల్లు, భోజనం, ఓ కునుకు, సాయంత్రం రాతపని. గాడిలో పడనిది సెంగ్‌దావ్ మనసొక్కటే.

మాలై ఆమెకంటే ఏడాది చిన్న. పంతులమ్మ మాలై నోటుపుస్తకాన్ని పైకెత్తి క్లాసంతటికీ చూపించేది. సెంగ్‌దావ్ పుస్తకం తెరిస్తే ఎండుమిరపకాయలు ఆరబోసినట్టు అంతా ఎర్రసిరానే. అదైనా ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది భోజనం దగ్గర.

చాప పరిచి, నడుమ పెద్ద పళ్లెం పెట్టి, అందరూ చుట్టూ కూర్చునేవారు. వచ్చిన మొదటివారమే న్యాన్, "సెంగ్‌దావ్, నువ్విటు రా" అని అన్నం కుండ పక్కన కూర్చోబెట్టింది. అప్పటి నుంచి అదే చోటు. బామ్మతో మొదలుపెట్టి వరసగా అందరికీ అన్నం పెట్టి, రెండు చేతులా గిన్నె అందించాలి. అందరూ రెండో గిన్నెకు వచ్చేసరికి తన మొదటి గిన్నె చల్లారిపోయేది.

"ఒక్క గరిటెతో తోసెయ్యకే! అలా చచ్చినవాళ్లకు పెడతారు. రెండుసార్లు వెయ్యి" అంటూ న్యాన్ తినే పుల్లలతో ఆమె మణికట్టు మీద ఒక్కటిచ్చేది. "అంచుదాకా నింపకు. ఎప్పుడు నేర్చుకుంటావే?"

అదే నోటితో, బామ్మ పక్కన కూర్చున్న మాలై గిన్నెలో చేప పొట్టముక్క పెట్టి, "తిను తల్లీ, మొహమాటపడకు" అనేది.

ఆ మెత్తని మాట సెంగ్‌దావ్‌కు పుండుమీద కారం. లావోస్‌లో తమ ఊరు థాఖెక్‌లో, తన ఇంట్లో అయితే బుట్టెడు జిగురన్నం మధ్యలో పెట్టుకుని అందరూ చేతులు పెట్టి తినేవారు. ఎవరూ ఎవరికీ వడ్డించరు. ఏ ముక్క ఎవరికి పోయిందో ఎవరూ చూడరు. ఇక్కడికొచ్చాక ముక్కలు చూడటం నేర్చుకుంది. భాషకంటే ముందు అదే వచ్చింది.

ఒక ఉదయం తలగడ దగ్గరి చిన్న బుద్ధుడికి దండం పెట్టుకుంటూ, మాలైకి నాలుగు రోజులు జ్వరం రావాలని అడగబోయి నాలుక కరుచుకుంది. అడగకపోయినా ఆయనకు వినపడే ఉంటుందని ఆ రోజంతా భయం.

ఇంతలో హియెన్ పురిటికి పుట్టింటికి వస్తానని కబురు చేసింది. ఆమెకు గది కావాలి. అంటే ఇద్దరిలో ఒకరు హాస్టల్‌కు పోవాలి. "ఎవరన్నది ఆదివారం చెబుతా" అంది న్యాన్. చెప్పేదేముంది? వెళ్లాల్సింది తనేనని సెంగ్‌దావ్‌కు తెలుసు. పోయేలోగా ఒక్కసారైనా బామ్మ పక్కన, మాలై చోట్లో కూర్చోవాలనుకుంది.

ఆదివారం అందరికంటే ముందే వెళ్లి బామ్మ పక్కన కూర్చుంది. "మాలై, ఈ పూట నువ్వు వడ్డించు."

"నేనా? నాకు రాదక్కా!"

"గరిటె పట్టుకోవడానికి పరీక్ష రాయాలా? కానీ."

న్యాన్ ఒకసారి చూసింది. మాలై కుండలో గరిటె ముంచి, ఒక్కసారికే గోపురంలా ఎత్తి, అదిమి, ఆ గిన్నెను బామ్మకే అందించింది. చాప మీద అందరూ బిగుసుకుపోయారు. బామ్మ రెండు చేతులా అందుకుని, "బాగుందమ్మా" అంది. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు.

తన మణికట్టు మీద ఎన్ని దెబ్బలు! అప్పుడే న్యాన్ పుల్లలు పళ్లెం మీదుగా వచ్చి సెంగ్‌దావ్ గిన్నెలో చేప పొట్టముక్కను దించాయి.

"తిను తల్లీ, మొహమాటపడకు."

ఆరు నెలలు ఎదురుచూసిన ముక్క. నోట్లో పెట్టుకుంటే వెన్నలా కరిగింది గాని, ఆ మాట ఎక్కడో విన్నట్టుంది. నిన్న కరెంటు మీటరు చూడటానికి వచ్చినతనికి టీ ఇస్తూ న్యాన్ సరిగ్గా ఈ గొంతుతోనే, "తీసుకోండి, మొహమాటపడకండి" అంది. పరాయివాళ్లతో తప్ప ఆవిడ ఇంత మెత్తగా మాట్లాడదు; తనతో ఎప్పుడూ మాట్లాడలేదు. చేప ముల్లు గుచ్చుకున్నట్టయింది.

పక్కకు చూస్తే బామ్మ చేతిలో ఆ గోపురం అలాగే ఉంది.

"మాలై! పెద్దవాళ్లకు ఒక్క గరిటెతో పెడతారటే?" అని గబుక్కున లేచి, ఆ గిన్నె అందుకుని, కుండ దగ్గరికి పోయి, సగం తీసి మళ్లీ వేసి బామ్మకు ఇచ్చింది.

"దిగిందండీ రాణిగారు సింహాసనం" అంది న్యాన్ మొగుడితో. తర్వాత సెంగ్‌దావ్ వైపు తిరిగింది. "ఆ కుండ దగ్గర చోటు మా హియెన్‌ది. నీకిస్తే పారేసి పోతావా? మళ్లీ లేచావంటే కాళ్లు విరగ్గొడతా. రేపటి నుంచి బామ్మ గదిలో పడుకో. పురిటికి నీళ్లు కాచేదెవరు, నేనొక్కదాన్నా? మాలై హాస్టల్‌కు వెళ్తుందిలే, పుస్తకాల పిల్ల."

పెరట్లో కుళాయి దగ్గర గిన్నెలు తోముతుంటే మాలై మెల్లగా అంది. "నన్నూ ఒక్కరోజన్నా తిడుతుందేమోనని చూశానక్కా. ఆరు నెలలు! నిన్ను కొట్టినప్పుడల్లా నాకెంత కుళ్లుగా ఉండేదో."

సెంగ్‌దావ్ తోమిన గిన్నెనే మళ్లీ తోమింది. గెలిచింది తనే. అయినా ఆ పిల్ల ముఖం చూడలేకపోయింది. దేవుడు ఎవరి చోటు వాళ్లకు ఇస్తాడంటారు. ఇచ్చినప్పుడే ఆ సంగతి చెవిలో చెబితే ఆయన సొమ్మేం పోతుందో!

తర్వాతి ఆదివారం మాలై అరటిపళ్లు పట్టుకుని భోజనానికి వచ్చింది. బామ్మ పక్కనే కూర్చుంది. సెంగ్‌దావ్ రెండు గరిటెలు వేసి గిన్నె అందించి, పొట్టముక్క తనే తీసి అందులో పెట్టింది.

"తిను తల్లీ, మొహమాటపడకు."

మాలై పళ్లెం చాటున ఆమె తొడ గిల్లి, లావోస్ మాటల్లో, "చంపుతా నిన్ను" అంది. ఇద్దరికీ నవ్వాగలేదు.

"అన్నం దగ్గర ఆ గుసగుసలేంటే?" అని న్యాన్ కసురుతూ, పుల్లలతో మాలై మణికట్టు మీద టక్కున ఒక్కటిచ్చింది.

మాలై ముఖం వెలిగిపోయింది. సెంగ్‌దావ్ గరిటె పట్టుకుని, ఆ మణికట్టు వైపే చాలాసేపు చూసింది.